తేలిక గొలుసుల జన్యు రహస్యము

1845 వ సంవత్సరము నవంబరు 1 వ తేదీన లండను నగరములో హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్యునికి ఒక గాజు గొట్టము, దానితోపాటు ఒక చీటీ అందినవి. గొట్టములో ఉన్నది ఒక రోగి మూత్రము. ఆ రోగి నడివయస్సు కిరాణా వర్తకుడు. ఎముకల నొప్పులతో, నానాటికి పెరుగు నీరసముతో అతడు నెలల తరబడి బాధపడుచుండెను. ఆ మూత్రమును కాచి చూచిన వైద్యులకు ఒక వింత కనిపించినది. దాని స్వభావమేమో తెలుపుమని వారు బెన్స్ జోన్స్‌ను కోరిరి. ఆయన వైద్యుడే గాక రసాయన శాస్త్రమునందు కూడ ఆరితేరినవాడు.

ఆ వింత యేమిటి? కోడిగ్రుడ్డు తెల్లసొనను వేడిచేసినచో గడ్డకట్టును. ఆ తరువాత ఎంత మరిగించినను అది తిరిగి కరగదు. మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, సాధారణముగా ఇట్లే ప్రవర్తించును. ఈ మూత్రములోని పదార్థమో, 50, 60 డిగ్రీల వేడికే తెల్లగా విరిగి తేలినది. మరుగుచున్న కొలది కరగిపోయినది. చల్లార్చగనే మరల ప్రత్యక్షమైనది. ఇట్టి ప్రోటీను అంతకుముందు ఎవరికిని తెలియదు. 1846 జనవరి 1 వ తేదీన ఆ రోగి మరణించెను. బెన్స్ జోన్స్ తన పరిశీలనలను 1847, 1848 సంవత్సరములలో ప్రకటించెను. నాటినుండి ఆ పదార్థమునకు బెన్స్ జోన్స్ ప్రోటీను అను పేరు స్థిరపడినది.

అది యేమిటో ఖండితముగా తేలుటకు మరి 117 ఏండ్లు పట్టినది. అది మన శరీరమును రోగములనుండి కాపాడు ప్రతిరక్షకములలోని ఒక భాగము. ఆ భాగము పేరు తేలిక గొలుసు. ఆ గొలుసు ఎట్లు తయారగుచున్నదో పరిశీలించిన శాస్త్రజ్ఞులు, జన్యుశాస్త్రములో అంతవరకు తిరుగులేనిదిగా భావింపబడిన ఒక సూత్రమును సవరింపవలసి వచ్చినది.

నాలుగు గొలుసుల అణువు

శరీరములో సూక్ష్మజీవి గాని, దాని విషము గాని ప్రవేశించినప్పుడు రక్తములో దానికి సరిపడు ప్రోటీనులు పుట్టును. ఇవియే ప్రతిరక్షకములు. తాళమునకు తాళపుచెవి వలె ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క శత్రుపదార్థమునకు అతికినట్లు సరిపోవును. మశూచికి పుట్టినది కోరింతదగ్గును ఎదిరింపజాలదు. వీనిని తయారుచేయునవి బి లింఫోసైటులు అను తెల్ల రక్తకణములు. అవి ఎముకల మూలుగలో పుట్టి, శత్రువు తారసపడినప్పుడు ప్లాస్మా కణములుగా మారి ప్రతిరక్షకములను విరివిగా స్రవించును.

1959 నుండి ఇంగ్లండులో రాడ్నీ పోర్టరు, అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ ఈ అణువును వేరువేరు పద్ధతులలో విడగొట్టి దాని నిర్మాణమును తెలిసికొనిరి. రక్తములో సాధారణముగా కనిపించు ప్రతిరక్షకపు అణువులో నాలుగు గొలుసులు గలవు. వానిలో రెండు బరువైనవి, రెండు తేలికైనవి. బరువు గొలుసు అణుభారము సుమారు 50,000. తేలిక గొలుసుది అందులో సగము. ఈ నాలుగును కలిసి పంగలకఱ్ఱ ఆకారములో అమరియుండును. పంగ రెండు కొసలయందును బరువు గొలుసు, తేలిక గొలుసు ప్రక్కప్రక్కన చేరి ఒక చిన్న గుంటను ఏర్పరచును. శత్రుపదార్థము వచ్చి తగులుకొనునది ఆ గుంటలోనే. ఈ కృషికి పోర్టరు, ఎడెల్మన్‌లకు 1972 లో నోబెలు బహుమానము లభించినది.

ఇక లండను రోగి సంగతి. అతనికి వచ్చిన వ్యాధిని నేడు మైలోమా అందురు. మూలుగలోని ఒకే ఒక ప్లాస్మా కణము అదుపు తప్పి, విభజన చెంది, కోట్ల కణములుగా పెరుగుటయే ఆ వ్యాధి. ఒకే కణపు సంతతి గనుక అవన్నియు ఒకే రకపు ప్రతిరక్షకమును తయారుచేయును. అందులో తేలిక గొలుసులు అవసరమునకు మించి పుట్టినచో, మిగిలిన గొలుసులు రక్తములో చేరి, చిన్నవగుటచే మూత్రపిండముల వడపోతను దాటి మూత్రములోనికి వచ్చును. 1962 లో ఎడెల్మన్, గాలీ అను శాస్త్రజ్ఞులు మైలోమా రోగి రక్తములోని ప్రతిరక్షకమునుండి తేలిక గొలుసులను వేరుచేసి, అదే రోగి మూత్రములోని బెన్స్ జోన్స్ ప్రోటీనుతో పోల్చిచూచిరి. రెండును ఒక్కటే. వేడికి విరుగుటలో, మరగునప్పుడు కరగుటలో గూడ భేదము లేదు.

అంతకు పూర్వమే, 1956 లో, కోర్న్‌గోల్డ్, లిపారీ అనువారు బెన్స్ జోన్స్ ప్రోటీనులు రెండు జాతులుగా ఉన్నవని కనిపెట్టియుండిరి. వారి పేర్ల తొలి అక్షరములకు సరిపడు గ్రీకు అక్షరములతో ఆ జాతులకు కప్పా, లాంబ్డా అని పేర్లు వచ్చినవి. మానవుని తేలిక గొలుసులలో రమారమి నూటికి 60 కప్పా జాతివి, 40 లాంబ్డా జాతివి. ఎలుకలో మాత్రము నూటికి 95 కప్పాయే.

సగము మారును, సగము మారదు

ప్రోటీను గొలుసు ఆమినో ఆమ్లములు అను పూసలను వరుసగా గ్రుచ్చిన హారము వంటిది. ఏ పూస తరువాత ఏ పూస అనునది జన్యువు నిర్ణయించును. ప్రతిరక్షకములలో ఆ వరుసను తెలిసికొనుటకు ఒక పెద్ద అడ్డంకి ఉండెను. ఆరోగ్యవంతుని రక్తములో లెక్కకు మిక్కిలి రకముల ప్రతిరక్షకములు కలగలిసియుండును. నూఱు రకముల ధాన్యము కలిసిన బస్తానుండి ఒక్క రకమును ఏరుట ఎంత కష్టమో, ఇందులోనుండి ఒక్కదానిని వేరుచేయుట అంతకంటె కష్టము. మైలోమా రోగి మూత్రము ఆ చిక్కును విడదీసినది. అందులోనిది ఒకే కణపు సంతతి తయారుచేసిన స్వచ్ఛమైన ఒకే రకపు గొలుసు.

1965 లో హిల్ష్‌మన్, క్రెయిగ్ అనువారు కప్పా జాతికి చెందిన వేరువేరు బెన్స్ జోన్స్ ప్రోటీనుల వరుసలను పోల్చి చూచిరి. కప్పా గొలుసులో సుమారు 214 ఆమినో ఆమ్లములు గలవు. ఒక రోగి గొలుసునకు, మరియొక రోగి గొలుసునకు మొదటి సగములో అనేక స్థానములందు భేదమున్నది. రెండవ సగము, అనగా చివరి 107 ఆమినో ఆమ్లముల వరుస, ఇంచుమించు అక్షరాలా ఒక్కటే. మొదటి దానికి చరభాగమనియు, రెండవ దానికి స్థిరభాగమనియు పేర్లు పెట్టిరి. శత్రువును పట్టుకొను గుంటను ఏర్పరచునది చరభాగమే.

స్థిరభాగములో గూడ కుటుంబమును బట్టి మారు చిన్న భేదమొకటి గలదు. 191 వ స్థానమున కొందరిలో లూసీను, కొందరిలో వాలీను అను ఆమినో ఆమ్లము ఉండును. బఠాణీ మొక్కలలో మెండెలు చూపిన నియమము ప్రకారమే ఈ భేదము తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించును. కావున స్థిరభాగమునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున జన్యువు వచ్చుచున్నదని స్పష్టము.

ఇక్కడ చిక్కు ఏర్పడినది. 'ఒక జన్యువు, ఒక గొలుసు' అనునది అప్పటికి రూఢమైన సూత్రము. ఒక్కొక్క తేలిక గొలుసునకు ఒక్కొక్క జన్యువు ఉండవలెనన్నచో, చరభాగములు ఎన్ని రకములో అన్ని జన్యువులు ఉండవలెను. అన్నిటి చివరను అదే స్థిరభాగము మరల మరల వ్రాయబడి, వాలీను మారినప్పుడు అన్నిటిలోను ఒక్కసారిగా మారవలెను. ఇది నమ్మదగినదిగా లేదు.

చిక్కు అంతటితో ఆగదు. 20 వ శతాబ్దపు తొలి దశాబ్దములలో కార్ల్ లాండ్‌స్టైనరు ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన రసాయనములను ప్రోటీనులకు తగిలించి జంతువులకు ఎక్కించెను. ప్రకృతిలో ఎన్నడును లేని ఆ పదార్థములకు గూడ జంతువులు సరియైన ప్రతిరక్షకములను తయారుచేసినవి. తాతముత్తాతలు ఎన్నడును ఎరుగని శత్రువును గుర్తించు జన్యువు ఆ జంతువునకు ఎక్కడనుండి వచ్చినది? మానవుని కణములో ప్రోటీనులను తయారుచేయు జన్యువులు అన్నియు కలిసి సుమారు 20,000 మాత్రమే యని నేడు తెలిసినది. ప్రతిరక్షకముల రకములో కోట్లకు మించినవి. ఇల్లంతయు బియ్యపు బస్తాలకే సరిపోనప్పుడు మనుష్యులెక్కడ ఉండవలెను?

1965 లోనే డ్రేయరు, బెన్నెట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు సాహసముతో ఒక ఊహను ప్రకటించిరి. చరభాగములకు అనేక జన్యువులు, స్థిరభాగమునకు ఒకే జన్యువు వేరువేరుగా ఉండవచ్చును. లింఫోసైటు పెరుగునప్పుడు చరభాగపు జన్యువులలో ఒకటి వచ్చి స్థిరభాగపు జన్యువుతో డి.ఎన్.ఏ. లోనే కలియవచ్చును. అనగా రెండు జన్యువులు కలిసి ఒక గొలుసు! తల్లిదండ్రులనుండి వచ్చిన డి.ఎన్.ఏ. శరీరకణములలో చెక్కుచెదరక ఉండునని నమ్మిన ఆ దినములలో దీనిని అంగీకరించినవారు కొద్దిమందియే.

బాసెలు నగరపు ప్రయోగము

ఆ ఊహ నిజమని చూపినవారు సుసుము తొనెగావా, నొబుమిచి హొజుమి. వీరిరువురును జపాను దేశీయులు. స్విట్జర్లాండు లోని బాసెలు నగరమున పనిచేయుచు వారు 1976 లో తమ ఫలితమును ప్రకటించిరి.

వారి పద్ధతిని హైస్కూలు విద్యార్థి గూడ గ్రహింపగలడు. ఎలుక పిండమునుండి కొంత డి.ఎన్.ఏ., ఎలుక మైలోమా కణములనుండి కొంత డి.ఎన్.ఏ. తీసిరి. పిండములోనిది తల్లిదండ్రులు ఇచ్చినది ఇచ్చినట్లే ఉన్న డి.ఎన్.ఏ. మైలోమాలోనిది ప్రతిరక్షకమును తయారుచేయుచున్న కణపు డి.ఎన్.ఏ. రెంటిని ఒకే ఎంజైముతో కోసిరి. ఈ ఎంజైము డి.ఎన్.ఏ. లో ఒక నిర్ణీతమైన అక్షరముల వరుస ఎక్కడ కనిపించిన అక్కడనే కోయును. తెగిన ముక్కలను పొడవును బట్టి వేరుచేసిరి. పిదప కప్పా గొలుసునకు సంబంధించిన ఆర్.ఎన్.ఏ. కు రేడియో ధార్మికపు గుర్తు పెట్టి, ఏ ముక్కలకు అది అంటుకొనునో చూచిరి.

పిండములో చరభాగము ఒక ముక్కయందు, స్థిరభాగము మరియొక ముక్కయందు కనిపించినవి. మైలోమాలో ఆ రెండును ఒకే ముక్కయందు, అదియు వేరొక పొడవు గల ముక్కయందు కనిపించినవి. పిండములో దూరదూరముగా ఉన్నవి లింఫోసైటులో దగ్గరకు చేరినవి! జన్యువు స్థానము మారినది. తరువాతి రెండు మూడేండ్లలో తొనెగావా బృందమువారు ఆ డి.ఎన్.ఏ. వరుసను చదివి, చరభాగము సైతము రెండు ముక్కలనుండి తయారగుచున్నదని కనిపెట్టిరి. మొదటి సుమారు 95 ఆమినో ఆమ్లములకు వి అను ముక్క, తక్కిన పండ్రెండు పదమూడింటికి జె అను చిన్నముక్క. 1987 లో తొనెగావాకు నోబెలు బహుమానము లభించినది.

గుణింతము

ఎలుకలో తెలిసిన ఈ విషయము మానవునిలో ఎట్లున్నది? 1980 లో అమెరికాలో ఫిలిప్ లెడరు బృందమువారు మానవుని కప్పా జన్యువును పరిశీలించి, దాని స్థిరభాగమునకు ముందు 5 జె ముక్కలు వరుసగా ఉన్నవని చూపిరి. ఆ తరువాత రెండేండ్లలో కప్పా జన్యువు 2 వ క్రోమోసోము మీదను, లాంబ్డా జన్యువు 22 వ క్రోమోసోము మీదను ఉన్నవని తేలినది. బరువు గొలుసు జన్యువు స్థానము 14 వ క్రోమోసోము.

2 వ క్రోమోసోము పొట్టిచేతిమీద కప్పా జన్యువు సుమారు 18 లక్షల అక్షరముల పొడవున పరచుకొనియున్నది. అందు పనిచేయు వి ముక్కలు సుమారు 35. చెడిపోయి పనికిరానివి ఇంచుమించు అన్నియే గలవు. జె ముక్కలు 5. సి, అనగా స్థిరభాగపు ముక్క, ఒక్కటే. లాంబ్డా అమరిక కొంచెము భిన్నము. అందు పనిచేయు వి ముక్కలు సుమారు 30. జె, సి ముక్కలు జంటలు జంటలుగా ఉండును. వానిలో నాలుగైదు జంటలు పనిచేయును.

తెలుగు బాలుడు గుణింతము నేర్చుకొను పద్ధతి ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. 35 హల్లులకు 5 గుణింతపు గుర్తులు చొప్పున చేర్చినచో 175 అక్షరములగును. ఆ 175 ను విడివిడిగా కంఠస్థము చేయనక్కరలేదు. 35, 5 కలిసి 40 గుర్తులు తెలిసిన చాలును. కప్పా గొలుసుల విషయమును అంతే. ఏ వి ముక్క అయినను ఏ జె ముక్కతోనైనను కలియవచ్చును గనుక 35 ను 5 చే హెచ్చించగా 175 రకములు. లాంబ్డాలో 30 ను 4 చే హెచ్చించగా 120. రెండును కలిసి సుమారు 300 తేలిక గొలుసులు.

బరువు గొలుసులో వి, జె ముక్కల నడుమ డి అను మూడవ ముక్క గూడ ఉన్నది. సుమారు 40 వి, 23 డి, 6 జె ముక్కలను హెచ్చించగా 5,520 రకములు వచ్చును. ఏ బరువు గొలుసైనను ఏ తేలిక గొలుసుతోనైనను జతపడగలిగినచో, 5,520 ను 300 చే హెచ్చించగా 16 లక్షలకు పైగా ప్రతిరక్షకములు. ఇందుకు వంశపారంపర్యముగా రావలసిన ముక్కలు రెండువందలైనను లేవు. బిడ్డకు తల్లిదండ్రులు ఇచ్చునది గొలుసు కాదు, గొలుసు ముక్కలు మాత్రమే. గొలుసును కూర్చుకొనునది ఒక్కొక్క లింఫోసైటు.

సంధి

ముక్కలు కలియుటకు క్రమమున్నది. ప్రతి వి ముక్క చివరను, ప్రతి జె ముక్క మొదటను ఒక గుర్తు వ్రాయబడియుండును. గుర్తులో 7 అక్షరములు, కొంత ఎడము, తరువాత 9 అక్షరములు. ఆ ఎడము 12 అక్షరములైన ఉండును, లేక 23 అయిన ఉండును. 12 ఎడము గల గుర్తు 23 ఎడము గల గుర్తుతోనే కలియును. కప్పాలో వి కి 12, జె కి 23. లాంబ్డాలో దీనికి తలక్రిందులు. కావున వి తో వి గాని, జె తో జె గాని పొరపాటున కలియదు.

ఈ గుర్తులను గుర్తించి డి.ఎన్.ఏ. ను కోయునవి రాగ్-1, రాగ్-2 అను రెండు ప్రోటీనులు. డేవిడ్ షాట్జ్, మార్జొరీ ఆటింజర్, డేవిడ్ బాల్టిమోరు వీనిని 1989, 1990 సంవత్సరములలో కనుగొనిరి. కోతపడిన కొసలను కణములో ఎల్లప్పుడును ఉండు మరమ్మతు ఎంజైములు అతుకును. సాధారణముగా నడుమనున్న డి.ఎన్.ఏ. ఉంగరమువలె ఊడిపోవును. మానవుని కప్పాలో కొన్ని వి ముక్కలు ఎదురు దిక్కుగా అమరియుండుటచే అక్కడ నడిమి భాగము ఊడిపోక తలక్రిందుగా తిరిగి నిలుచును. వి, జె కలియుట డి.ఎన్.ఏ. లోనే జరుగును. జె కు, సి కి మధ్యనున్న ఎడము మాత్రము తరువాత ఆర్.ఎన్.ఏ. దశలో తొలగును.

అతుకు అన్నిసార్లును ఒకే చోట పడదు. తెలుగు వ్యాకరణములో 'రాముడు', 'అతడు' కలిసినప్పుడు 'రాముడతడు' అగును. ఒక అచ్చు లోపించినది. 'మా', 'అమ్మ' కలిసినప్పుడు 'మాయమ్మ' అగును. యకారము ఆగమముగా వచ్చినది. వి, జె ముక్కల సంధియందును కొన్ని అక్షరములు లోపించును, కొన్ని క్రొత్తగా వచ్చి చేరును. క్రొత్త అక్షరములు చేరుట బరువు గొలుసులో ఎక్కువ, తేలిక గొలుసులో తక్కువ. అయితే వ్యాకరణ సంధికి సూత్రమున్నది. ఈ సంధి మాత్రము ఎక్కడికక్కడ యాదృచ్ఛికము. అందుచే ఒకే వి, ఒకే జె కలిసినను రెండు కణములలో ఒకే గొలుసు రానక్కరలేదు. ఈ సంధి పడు చోటు సరిగా శత్రువును పట్టుకొను గుంటలోనే ఉన్నది. లక్షలలో నున్న లెక్క కోట్లను దాటునది ఇందువలననే.

ఈ లాభమునకు వెల గూడ ఉన్నది. డి.ఎన్.ఏ. లోని అక్షరములను కణము మూడేసి చొప్పున చదువును. సంధిలో అక్షరములు మూడింటి లెక్కకు సరిపోయిననే తరువాతి భాగమంతయు సరిగా చదువబడును. సరిపోనిచో గొలుసు అక్కడినుండి చెడిపోవును. కావున మూడు ప్రయత్నములలో సగటున రెండు వ్యర్థము.

ఒక కణము, ఒక గొలుసు

అయితే లింఫోసైటుకు అవకాశములు అనేకము. బరువు గొలుసు సిద్ధమైన పిదప కణము సాధారణముగా మొదట కప్పాను కూర్చ యత్నించును. తల్లినుండి వచ్చిన 2 వ క్రోమోసోము ఒకటి, తండ్రినుండి వచ్చినది ఒకటి. ఒకదానిలో విఫలమైనచో రెండవది ఉన్నది. ఆ రెంటిలోను సాగనిచో 22 వ క్రోమోసోములు రెంటిమీదనున్న లాంబ్డా ఉన్నది. 1981 లో లెడరు బృందమువారు మానవ లింఫోసైటులలో దీనికి చక్కని సాక్ష్యము చూపిరి. లాంబ్డాను తయారుచేయు కణములలో కప్పా జన్యువులు అతుకు పడియైనను ఉన్నవి, లేక ఊడిపోయియైనను ఉన్నవి. కప్పాను తయారుచేయు కణములలో లాంబ్డా జన్యువులు సాధారణముగా ముట్టుకొననట్లే ఉన్నవి. అనగా మొదటి వంతు కప్పాది.

సరియైన గొలుసు ఒకటి తయారై బరువు గొలుసుతో జతపడగనే తక్కిన ప్రయత్నములు నిలిచిపోవును. అందుచే ఒక్కొక్క లింఫోసైటులో ఇంచుమించు ఎల్లప్పుడును ఒకే తేలిక గొలుసు ఉండును. కప్పా అయిన కప్పా, లాంబ్డా అయిన లాంబ్డా. దీని ప్రయోజనము గొప్పది. ఒకే కణము రెండు మూడు రకములు తయారుచేసినచో, శత్రువును గుర్తించిన గొలుసుతో పాటు అక్కరలేని గొలుసు గూడ పెరుగును. అది స్వశరీరమునకే హాని చేయవచ్చును.

యాదృచ్ఛికముగా కూర్చిన గొలుసులలో కొన్ని స్వశరీరమునే శత్రువని భ్రమపడుట సహజము. మూలుగలోనే అట్టి కణమును గుర్తించి, దానికి తప్పు దిద్దుకొను అవకాశము నిచ్చుట గలదు. ఆ కణము వాడిన వి, జె ముక్కలను విడిచి, ఇంకను మిగిలియున్న ముందరి వి ముక్కను వెనుకటి జె ముక్కతో కలిపి మరియొక తేలిక గొలుసును కూర్చుకొనును. అప్పటికిని దిద్దుబాటు కుదరనిచో ఆ కణము సాధారణముగా నశించును.

ఆరోగ్యకరమైన కణము బయటకు వచ్చి శత్రువును కలిసికొనిన పిదప గూడ మార్పు ఆగదు. ఏ.ఐ.డి. అను ఎంజైము చరభాగపు డి.ఎన్.ఏ. లో అక్కడక్కడ అక్షరములను మార్చును. తసుకు హొంజో బృందమువారు 1999 లో దీనిని కనుగొనిరి. ఈ మార్పులలో శత్రువును ఇంకను గట్టిగా పట్టుకొను గొలుసు ఏ కణమునకు కలుగునో ఆ కణము ఎక్కువగా వృద్ధిచెందును. టీకా రెండవ మోతాదు తరువాత పుట్టు ప్రతిరక్షకములు మొదటివానికంటె పదునుగా ఉండుటకు ఇది ముఖ్య కారణము. ఈ మార్పులు బిడ్డలకు సంక్రమింపవు; ఆ కణముతో, దాని సంతతితో అంతమగును.

కోతలో పొరపాటు

తన డి.ఎన్.ఏ. ను తానే కోసికొనుట కణమునకు ప్రమాదకరమైన పని. కోయు ప్రోటీనులు లేకున్నను కష్టమే. రాగ్ జన్యువులు చెడిపోయిన శిశువులలో బి లింఫోసైటులు గాని, వానికి తోడైన టి లింఫోసైటులు గాని పుట్టవని 1996 లో తెలిసినది. అట్టి శిశువునకు మామూలు జలుబు గూడ ప్రాణాంతకము కావచ్చును. ఆరోగ్యవంతుని మూలుగ కణములను ఎక్కించుటయే వారికి ముఖ్యమైన చికిత్స.

కోత తప్పుచోట అతికినచో మరియొక విపత్తు. డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు 1958 లో ఉగాండా దేశపు పిల్లలలో వర్ణించిన లింఫోమా అను కణుతులలో, 8 వ క్రోమోసోము ముక్క ఒకటి విరిగి ప్రతిరక్షకపు జన్యువు ప్రక్కన అతుకుకొనియుండును. తరచుగా అది 14 వ క్రోమోసోము, కొందరిలో 2 వది, లేక 22 వది. అనగా బరువు గొలుసు, కప్పా, లాంబ్డా జన్యువులున్న స్థానములే. కణ విభజనను ప్రోత్సహించు మిక్ అను జన్యువు అచ్చట చేరి, లింఫోసైటులో నిత్యము పనిచేయు ఆ స్థానపు ఉత్తేజమును పొంది విజృంభించును.

గొట్టములోని జవాబు

ఈ జన్యు విజ్ఞానము నేడు ఆసుపత్రిలో రోజూ ఉపయోగపడుచున్నది. ఆరోగ్యవంతునిలో లక్షోపలక్షల కణములు, కొన్ని కప్పాతో, కొన్ని లాంబ్డాతో పనిచేయుచుండును గనుక రక్తములో విడిగా తిరుగు కప్పా, లాంబ్డాల నిష్పత్తి ఒక హద్దులో నిలిచియుండును. మూత్రపిండములు సరిగా పనిచేయువారిలో ఆ నిష్పత్తి 0.26 కు, 1.65 కు మధ్య ఉండును. ఒకే కణపు సంతతి విజృంభించినచో, ఆ కణము కప్పాను ఎన్నుకొనియుండిన నిష్పత్తి పైకి పోవును. లాంబ్డాను ఎన్నుకొనియుండిన క్రిందికి పడిపోవును. ఒక్క కణము ఒక్క గొలుసునే తయారుచేయునను నియమమే ఈ పరీక్షకు ఆధారము. 2001 నుండి వాడుకలోనికి వచ్చిన ఈ రక్తపరీక్ష మైలోమాను కనిపెట్టుటకును, చికిత్స ఫలించుచున్నదో లేదో తెలిసికొనుటకును తోడ్పడుచున్నది.

ఆలస్యము చేసినచో నష్టమెక్కువ. మితిమీరిన తేలిక గొలుసులు మూత్రపిండపు నాళములలో గడ్డలుగట్టి వానిని మూసివేయును. కొందరిలో అవి పీచులుగా మారి గుండెలోను, మూత్రపిండములలోను పేరుకొనును. ఈ రెండవ వ్యాధిలో లాంబ్డా జాతియే ఎక్కువగా కనిపించును. ఎముకల నొప్పి, రక్తహీనత, మూత్రములో ప్రోటీను కలిసి కనిపించు పెద్దవారికి ఈ పరీక్ష చేయుట అందుకే ముఖ్యము.

లండను వర్తకుని మూత్రములో నాడు తెల్లగా విరిగి, మరిగి కరగిన పదార్థము అతని తల్లిదండ్రులు ఇచ్చిన గొలుసు కాదు. వారు ఇచ్చినవి ముక్కలు. అతని మూలుగలోని ఒక కణము ఎన్నడో ఒకనాడు ఒక వి ముక్కను ఏరి, ఒక జె ముక్కతో సంధి కలిపినది. మరియొక మనిషి శరీరములో గాని, అతని శరీరములోనే మరియొక కణములో గాని సరిగా అట్టి గొలుసే పుట్టుట అరుదు. ఆ కణము కట్టుదప్పి పెరుగుటచే అతడు మరణించెను. ఆ గొలుసు మాత్రము గాజు గొట్టములో మిగిలి, కోట్ల శత్రువులను కొద్ది ముక్కలతో ఎదుర్కొను ఉపాయమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు మొదటి ఆధారమైనది.